బట్టతల, మూడు మందులు, ఒక అబద్ధం

ముందుగా ఒక మాట. నేను డాక్టర్ని కాను, జావా రాసుకుని బతికేవాణ్ణి. ఈ టపా చదివి ఎవరూ మందుల షాపుకి పరిగెత్తకండి. చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల్ని కూడా మన దగ్గర చాలా షాపుల్లో చీటీ అడక్కుండా ఇచ్చేస్తారు, అందుకని ముందే చెప్తున్నా.

సరే, అసలు విషయానికొస్తే, ఇదంతా ఒక ఫోటోతో మొదలైంది. పోయిన సంక్రాంతికి ఊరికి పోయాను. మాది దేవరకొండ దగ్గర. వాకిట్లో అక్క ముగ్గు వేస్తుంటే పిల్లలతో పాటు నేనూ వంగి రంగులు నింపుతున్నా. మా బావ డాబా మీద నుంచి ఫోటో తీసి ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ముగ్గు బాగా వచ్చింది. ముగ్గు పక్కన నున్నగా, గుండ్రంగా ఇంకొకటి కూడా వచ్చింది.

"బావా, ఈ బట్టతలాయన ఎవరు? చిన్నాయన రాలేదు కదా?" అన్నాను.

"జూమ్ చేసి చూడు బామ్మర్దీ. అంగీ గుర్తుపడ్తవేమో" అన్నాడు.

నా అంగీయే.

రోజూ అద్దంలో కనపడేది ముందు భాగమే కదా. నుదురు కొంచెం వెనక్కి జరిగిందని తెలుసు. దాన్ని తెలివితేటల కింద జమ కట్టుకున్నాను. నడినెత్తి సంగతి మాత్రం రెండేళ్ళుగా ఎవరూ చెప్పలేదు. మానిటరింగ్ పెట్టని సర్వర్లో మెమరీ లీకవుతుంటే ఎట్లా తెలుస్తుంది? 28 ఏళ్ళకి డాబా మీద నుంచి తెలిసింది.

ఇక ఇంట్లో మొదలైంది చూడండి. అమ్మ మాట ఒక్కటే, "హైదరాబాద్ నీళ్ళు పడ్తలేవురా నీకు" అని. నల్గొండ జిల్లా మనిషి వేరే ఊరి నీళ్ళని తిట్టడం ఎంత విడ్డూరమో ఆలోచించండి. ఫ్లోరైడు తీసే పద్ధతికి ప్రపంచమంతా మా జిల్లా పేరే పెట్టుకుంది, నల్గొండ టెక్నిక్ అని. పటిక, సున్నం వేసి కలిపి తేర్చే పద్ధతి అది. నాగపూర్ నీరీ సంస్థ వాళ్ళు తయారుచేశారు. ఫ్లోరైడు పళ్ళని, ఎముకల్ని ఏం చేసిందో మా చుట్టుపక్కల ఊళ్ళలో కళ్ళారా చూశాం. కానీ నెత్తి మీది నడిచుక్కని మాత్రమే వెతుక్కుంటూ వచ్చి, చెవుల పక్క జుట్టుని వదిలేసి పోయే నీళ్ళు ఎక్కడా ఉండవు. ఉంటే నాతో పాటు మా అక్కకీ రాలాలి. ఆమె జడ చూస్తే నాకు కడుపు మండుతుంది.

2024 చివర్లో, 2025 మొదట్లో మహారాష్ట్ర బుల్ఢాణా జిల్లాలో నిజంగానే ఊళ్ళకి ఊళ్ళే జుట్టు పోగొట్టుకున్నాయి. అక్కడ కూడా ముందు నీళ్ళనే అనుమానించారు. తర్వాత రేషన్ గోధుమల్లో సెలీనియం ఎక్కువుందని ఒక డాక్టరుగారు పరీక్షలు చేయించి చెప్పారు. అక్కడ ఆడవాళ్ళకి, పిల్లలకి కూడా రోజుల్లో ఊడిపోయింది. నాది అట్లాంటిది కాదు. నాది నిదానంగా, పద్ధతిగా, మా నాయిన నెత్తిని పక్కన పెట్టుకుని కాపీ కొట్టినట్టు పోతోంది.

మా అమ్మమ్మ వాళ్ళది అచ్చంపేట. అప్పట్లో మహబూబ్ నగర్ జిల్లా, 2016 నుంచి నాగర్ కర్నూల్ జిల్లా. అక్కడ మా తాతకి 78 ఏళ్ళకి కూడా దువ్వెన ఆగే జుట్టు. "తల్లి తండ్రి జుట్టే మనవనికొస్తది, నీకేం భయం లేదు" అని చిన్నప్పటి నుంచీ అమ్మమ్మ నాకు ధైర్యం చెప్తూనే ఉంది. ఇందులో సగం నిజం ఉందండీ. బట్టతలతో గట్టి సంబంధమున్న ఒక జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగవాడికి ఎక్స్ వచ్చేది తల్లి నుంచే. కానీ తల్లి దగ్గర రెండు ఎక్స్ లు ఉంటాయి కదా, ఒకటి తాతది, ఒకటి అమ్మమ్మది. నాకు ఏది పడిందో! పైగా మిగతా క్రోమోజోముల మీద కూడా బోలెడు జన్యువులు చెయ్యి వేస్తాయి, అవి నాయిన నుంచీ వస్తాయి. తాత గ్యారంటీ కార్డు అట్లా చెల్లకుండా పోయింది.

ఒక నెల గుంటగలగరాకు నూనె రాశాను. ఒక వారం ఉల్లిగడ్డ రసం పట్టించాను. ఉల్లిగడ్డకి జుట్టు రాలేదు కానీ రూమ్మేటు వేరే గదికి మారాడు :-)

ఒక పేరున్న హెయిర్ క్లినిక్ కి కూడా పోయాను. పేరు వద్దులెండి. అక్కడ తెల్లకోటు వేసుకున్న అమ్మాయి నా నెత్తిని కెమెరాతో టీవీలో చూపించి, ఈరోజే కడితే ప్యాకేజీ మీద 30 శాతం తగ్గిస్తామంది. "రేపు కడితే?" అన్నాను. "రేపటికి ఇంకో వంద వెంట్రుకలు పోతాయి సార్" అంది. మనిషన్నవాడికి రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు మామూలుగానే రాలతాయని ఇంటికొచ్చాక చదివాను.

ఈలోగా అమ్మ సంబంధాలు చూడటం మొదలుపెట్టింది. బయోడేటాకి ఫోటో కావాలంది. "ముందల నుంచి తియ్యి బిడ్డా, మీద నుంచి తియ్యకు" అని జాగ్రత్త కూడా చెప్పింది. 2021లో 'నూటొక్క జిల్లాల అందగాడు' అని అవసరాల శ్రీనివాస్ సినిమా వచ్చింది, చూసే ఉంటారు. బట్టతల దాచుకోవడానికి విగ్గు పెట్టుకుని తిరిగే కుర్రాడి కథ. అప్పుడు హాస్టల్లో పడీపడీ నవ్వాను. ఇప్పుడు తల్చుకుంటే అంత నవ్వు రావట్లేదు.

చివరికి ఒక చర్మం డాక్టరు దగ్గరికి పోయాను. నెమ్మదస్తురాలు. ప్యాకేజీ ఊసెత్తలేదు. నెత్తి చూశారు, బీపీ చూశారు, నాయిన గురించి అడిగారు. తర్వాత కంప్యూటర్ వైపు తిరిగి టైపు చేస్తూ అడిగారు, "ఇంతకుముందు డిప్రెషన్ కి గానీ, నిద్ర పట్టడానికి గానీ ఎప్పుడైనా మందులు వాడారా?"

"లేదు మేడం" అన్నాను.

ఆలోచించకుండానే వచ్చింది ఆ మాట. దాని సంగతి తర్వాత చెప్తా.

ఆమె ముందు రోగం గురించి చెప్పారు. మగ హార్మోను టెస్టోస్టిరాన్ ని ఒక ఎంజైము డి.హెచ్.టి. అనే ఇంకా ఘాటైన రూపంలోకి మారుస్తుంది. పుట్టుకతో ఆ గుణం ఉన్నవాళ్ళకి ముందు భాగంలో, నడినెత్తిన కుదుళ్ళు ఆ డి.హెచ్.టి. తగిలి ఏటికేడు కుంచించుకుపోతాయి. వెంట్రుక పోయే ముందు సన్నబడుతుంది, నూగులా అవుతుంది, తర్వాత కనపడదు. యుక్తవయసు రాకముందే వృషణాలు తీసేసిన వాళ్ళకి బట్టతల రాదని 1942లోనే హామిల్టన్ అనే అమెరికా శాస్త్రవేత్త రాశాడు. అది కూడా ఒక ఆప్షనే అనుకోండి, మా అమ్మ ఒప్పుకోదు.

చీటీ మీద మూడు పేర్లు వచ్చాయి. ఒకటి రాసి, మిగతా రెండూ నోటితో చెప్పారు. ఇంటికొచ్చి మనం ఏం చేస్తాం? ఎక్సెల్ తెరిచాను.

మొదటిది మినాక్సిడిల్. ఇది పుట్టింది బీపీ మాత్రగా. 1979లో అమెరికాలో అనుమతి వచ్చింది. మింగినవాళ్ళకి ఎక్కడ పడితే అక్కడ వెంట్రుకలు మొలవడం మొదలైంది. అప్జాన్ కంపెనీ వాళ్ళు ఆ సైడ్ ఎఫెక్టునే సీసాలో పోసి 1988లో నెత్తికి రాసుకునే మందుగా తెచ్చారు. ఇప్పుడు 5 శాతం ద్రావణం, నురుగు దొరుకుతున్నాయి. డి.హెచ్.టి. జోలికి పోదు, కుదురుని ఎదిగే దశలో ఎక్కువ కాలం నిలబెడుతుంది. చిక్కేంటంటే మొదటి ఒకటి రెండు నెలలు ఇంకా ఎక్కువ రాలతాయి. కొత్త వెంట్రుక కింద నుంచి తోస్తే ముసలి వెంట్రుక ఖాళీ చేస్తుందన్నమాట. అక్కడే చాలామంది భయపడి మానేస్తారట. ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు నెలలు. ఆపేస్తే కొన్ని నెలల్లో ఎక్కడున్నామో అక్కడికే. అంటే ఇది బగ్ ఫిక్స్ కాదు, ఏటేటా కట్టే ఏ.ఎం.సి.

ఇదే మందుని తక్కువ మోతాదులో మాత్రగా మింగడం ఈ మధ్య బాగా ఫ్యాషనైంది. జుట్టు కోసం ఆ మాత్రకి అనుమతి లేదు, డాక్టర్లు తమ అనుభవంతో రాస్తారు. రోజూ జిడ్డు రాసుకునే బాధ తప్పుతుంది. కానీ 2024లో బ్రెజిల్ వాళ్ళు 5 మిల్లీగ్రాముల మాత్రని, 5 శాతం పూత మందుని పక్కపక్కన పెట్టి చూస్తే మాత్ర ఎక్కువేమీ చేయలేదు. కాళ్ళవాపు, గుండెదడ, మొహమంతా వెంట్రుకలు లాంటివి రావొచ్చు. నెత్తికి రమ్మంటే చెవుల మీదకొచ్చే మందు నాకెందుకని ఆ కాలమ్ కొట్టేశాను.

రెండోది ఫినాస్టెరైడ్, డాక్టరమ్మ చీటీలో రాసింది ఇదే. దీని కథ చదివితే నిద్ర పట్టదు. డొమినికన్ రిపబ్లిక్ లో సాలినాస్ అని ఒక పల్లె. అక్కడ కొందరు పిల్లలు పుట్టినప్పుడు ఆడపిల్లల్లా ఉండి, పన్నెండేళ్ళ వయసులో మగపిల్లలుగా మారేవాళ్ళు. జూలియన్ ఇంపెరాటో-మెక్‌గిన్లీ అనే డాక్టరు బృందం పరిశోధించి 1974లో రాసింది. ఆ పిల్లలకి టెస్టోస్టిరాన్ ని డి.హెచ్.టి.గా మార్చే ఎంజైము పుట్టుకతోనే సరిగా లేదు. పెద్దయ్యాక వాళ్ళకి ప్రోస్టేట్ చిన్నగానే ఉంది, బట్టతల రాలేదు. మెర్క్ కంపెనీ ఆ దారి పట్టుకుని ఎంజైముని ఆపే మాత్ర చేసింది. 1992లో ప్రోస్టేట్ కి 5 మిల్లీగ్రాములు, 1997లో జుట్టుకి 1 మిల్లీగ్రాము. ఎక్కడో సముద్రంలో ఒక పల్లె పిల్లల కష్టం, ఇక్కడ మాదాపూర్ మందుల షాపులో నా చేతిలో స్ట్రిప్పు.

పనిచేస్తుందా అంటే బాగానే చేస్తుంది. రెండేళ్ళ ట్రయల్ లో నడినెత్తి వెంట్రుకలు లెక్కపెడితే, ఈ మాత్ర మింగిన వాళ్ళలో 83 శాతం మంది ఉన్నది నిలబెట్టుకున్నారు. ఉత్తుత్తి మాత్ర మింగిన వాళ్ళలో 28 శాతమే. ఇక అందరూ గుసగుసగా అడిగే విషయం, "ఆ" సంగతి. కోరిక తగ్గడం, స్తంభన సమస్య వగైరా అన్నీ కలిపి మందు వాడిన వాళ్ళలో 3.8 శాతం, ఉత్తుత్తి మాత్ర వాళ్ళలో 2.1 శాతం. ఎక్కువమందికి ఆపేస్తే పోతాయి, కొందరికి ఆపాక కూడా మిగిలాయన్న ఫిర్యాదులు రావడంతో 2012లో అమెరికా వాళ్ళు ఆ మాట లేబుల్ మీద రాయించారు. ఇంకో తమాషా చదివాను. 2007లో ఇటలీలో 5 మిల్లీగ్రాముల మాత్ర ఇస్తూ సగం మందికి ఈ సైడ్ ఎఫెక్టుల సంగతి ముందే చెప్పారు, సగం మందికి చెప్పలేదు. చెప్పిన వాళ్ళలో 43.6 శాతం మందికి వచ్చాయి, చెప్పని వాళ్ళలో 15.3 శాతానికి. ఇది చదివాక నేను ఏ గుంపులోకి చేరానో అర్థమై తల పట్టుకున్నాను. జాగ్రత్తగానే పట్టుకున్నాను లెండి, ఉన్నవి ఊడకుండా.

మూడోది డుటాస్టెరైడ్. ఫినాస్టెరైడ్ కి అన్నలాంటిది, ఎంజైములో రెండు రకాల్నీ ఆపుతుంది. జుట్టుకి దీన్ని 2009లో దక్షిణ కొరియా, 2015లో జపాన్ ఒప్పుకున్నాయి, అమెరికా ఒప్పుకోలేదు. ఒంట్లో సగం తగ్గడానికే దాదాపు ఐదు వారాలు పడుతుంది. వద్దనుకున్నా నెలల తరబడి ఒంట్లో ఉండే మందు. ఇది వాడినవాళ్ళ రక్తం ఆపాక ఆరు నెలల దాకా అమెరికా రక్తనిధులు తీసుకోవు, ఫినాస్టెరైడ్ కైతే నెల. ఆ రక్తం గర్భిణికి ఎక్కితే మగపిండానికి ప్రమాదమని. రోల్ బ్యాక్ ఇంత నిదానంగా జరిగే రిలీజు నాకొద్దనుకున్నాను.

అట్లా ఎక్సెల్ లో ఫినాస్టెరైడ్ గెలిచింది. స్ట్రిప్పు కొన్నాను. శనివారం పెళ్ళిచూపులు ఉన్నాయి కదా, అయిపోయాక ఆదివారం నుంచి మొదలుపెడదామనుకున్నా.

సంబంధం మహబూబ్ నగర్ ది. అమ్మాయి బీఫార్మసీ చదివి జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్ లో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో చేస్తోంది. అటు పోలేపల్లి, ఇటు చౌటుప్పల్, మా రెండు ఉమ్మడి జిల్లాల నుంచి ప్రపంచానికి మందులు పోతాయి. మా ఇళ్ళలో ఏ మందు ఎందుకు వేసుకుంటున్నామో చెప్పుకోవడం మాత్రం ఉండదు. పెద్దవాళ్ళు టీ తాగుతూ, మమ్మల్ని పిల్లలమర్రి చూసి రమ్మని వాళ్ళ తమ్ముడితో పంపారు. ఆ అబ్బాయి మర్యాదస్తుడు, దూరంగా ఫోన్లో మునిగిపోయాడు.

పిల్లలమర్రి 700 ఏళ్ళ చెట్టంటారు. చెదలు పట్టి కొమ్మలు విరిగిపడుతుంటే 2018లో కొమ్మలకి సెలైన్ సీసాలు వేలాడదీసి, ఆసుపత్రిలో రోగికి ఎక్కించినట్టు బొట్టు బొట్టుగా చెదల మందు ఎక్కించారు. పేపర్లలో ఫోటోలు వచ్చాయి. ఆ ఊడలు చూస్తూ ఏం మాట్లాడాలో తెలియక, "ఊడలు ఇన్ని ఉన్నాయి, నాకేమో ఉన్నవి ఊడుతున్నాయి" అనేశాను. ఆమె నవ్వింది. నేను రెచ్చిపోయి సాలినాస్ నుంచి మొదలుపెట్టి నా ఎక్సెల్ మొత్తం చదివేశాను. దాచి పెళ్ళి చేసుకోవడం నాకిష్టం లేదు, ఈ మాత్ర వాడబోతున్నాను, పిల్లల గురించి అనుకున్నప్పుడు డాక్టర్ని అడిగి ఆపుతాను అని కూడా చెప్పాను. చాలా నిజాయితీపరుణ్ణని నామీద నాకే గౌరవం కలిగింది.

ఆమె అంతా విని, "పగిలిన మాత్రలు మేము గ్లౌజులు లేకుండా ముట్టుకోము. అది సరే. మూడ్ గురించి డాక్టరు అడిగారా మిమ్మల్ని?" అంది.

"అడిగారు."

"ఏం చెప్పారు?"

"ఏం లేదని చెప్పిన."

"మంచిది. అది కరెక్టుగా చెప్పాలి, లేబుల్ మీద మార్చారు" అంది. ఇంకేం అడగలేదు. వాళ్ళ తమ్ముడు వచ్చాడు.

తిరుగు బస్సులో షాద్ నగర్ దాకా కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నా.

2023లో నేను చేస్తున్న కంపెనీ ఒక పొద్దున మీటింగ్ పెట్టి మా టీమ్ ని తీసేసింది. మీలో చాలామందికి ఆ మీటింగ్ తెలిసే ఉంటుంది. పేరు ఎందుకులెండి. ఇంట్లో చెప్పలేదు. ఫోన్ చేస్తే వర్క్ ఫ్రమ్ హోమ్ అన్నాను. మూడో నెలకి నిద్ర పోయింది, తిండి పోయింది, పొద్దున లేవకపోతే బాగుండన్న ఆలోచన కొన్ని రాత్రులు వచ్చి కూర్చునేది. ఒక ఫ్రెండు నన్ను చూడటానికొచ్చి, మాట్లాడకుండా చెప్పులు వేయించి మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకుపోయాడు. ఏడు నెలలు మందులు వాడాను. తగ్గింది, వేరే ఉద్యోగం వచ్చింది. వాడికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. డాక్టరు అడిగినప్పుడు "లేదు" అన్నది అందుకే. జుట్టు కోసం పోయిన చోట అదెందుకు అనుకున్నా. సంబంధాలు చూస్తున్నప్పుడు ఎక్కడైనా రాసిపెడితే ఎట్లా అని కూడా అనుకున్నా. చర్మం డాక్టరు కంప్యూటర్లోంచి మహబూబ్ నగర్ కి ఎట్లా పోతుందో అడక్కండి, భయానికి నెట్వర్క్ డయాగ్రమ్ ఉండదు.

రూముకి రాగానే చదివాను. ఫినాస్టెరైడ్ వాడేవాళ్ళలో చచ్చిపోవాలన్న ఆలోచనల మీద వచ్చిన రిపోర్టులన్నీ యూరప్ మందుల సంస్థ తిరగేసి, అది మాత్రల సైడ్ ఎఫెక్టేనని 2025 మేలో తేల్చింది. కేసులు మూడొందల పైచిలుకు. మందు వాడకం లెక్క చూస్తే దాదాపు 27 కోట్ల రోగి-సంవత్సరాలు. అంటే చాలా అరుదు, ఎంతమందిలో ఒకరికో చెప్పలేమన్నారు. ఎక్కువ కేసులు జుట్టు కోసం 1 మిల్లీగ్రాము వాడిన వాళ్ళవే. అమెరికా లేబుల్ మీదకి 2022లోనే ఎక్కింది. బ్రిటన్ వాళ్ళు 2024లో మందు పెట్టెలో హెచ్చరిక కార్డే పెట్టించారు. ఇన్ని రోజులు 3.8, 2.1 అంటూ దశాంశాలు లెక్కేసిన నా ఎక్సెల్ లో "మనసు" అన్న కాలమ్ లేదు. చదివినప్పుడు కళ్ళబడలేదని కాదు. కళ్ళబడింది, కిందికి స్క్రోల్ చేశాను.

మరుసటి వారం మళ్ళీ అదే డాక్టరు. ఫీజు మళ్ళీ కట్టాను. "మేడం, పోయినసారి మీకొక అబద్ధం చెప్పాను" అన్నాను. ఆమె కోప్పడతారనుకున్నా. కుర్చీ నావైపు తిప్పుకుని, ఏం మందు, ఎన్నాళ్ళు, ఆపి ఎన్నాళ్ళయింది, ఇప్పుడు నిద్ర ఎట్లా ఉంది అని అడిగారు. "ఒకప్పుడు డిప్రెషన్ ఉన్నవాళ్ళెవరూ ఇది వాడకూడదని రూలేం లేదు. కానీ మీకు నేను ఇప్పుడు ఇవ్వను. ముందు మినాక్సిడిల్ పూత ఆరు నెలలు చూద్దాం. తర్వాత కూడా కావాలంటే మీ సైకియాట్రిస్టుతో మాట్లాడి రండి. ఇంకోటి, మీ ఇంట్లో ఒకరికైనా తెలిసి ఉండాలి. మూడ్ మారడం మీకంటే ముందు పక్కవాళ్ళకి కనపడుతుంది" అన్నారు.

మినాక్సిడిల్ కొనడం తేలికే. ఇంట్లో ఒకరికి చెప్పడానికి మూడు వారాలు పట్టింది.

నాయినకి చెప్పాను. బత్తాయి తోటలో, సాయంత్రం నీళ్ళు కడుతుంటే. అక్కడైతే మొహాలు చూసుకోనక్కర్లేదు, ఇద్దరం పాదుల వైపే చూస్తుంటాం. ముందు జుట్టు మందు సంగతి చెప్పాను. నవ్వాడు. "నాకు ఇరవై ఆరేండ్లకే పోయినయ్. తువ్వాల సుట్టుకున్న. మీ అమ్మ ఏమన్న అన్నదా?" అన్నాడు. తర్వాత 2023 సంగతి చెప్పాను. పార అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. నీళ్ళు పాదు దాటి పొర్లిపోయాయి. మా నాయిన నీళ్ళు వృథా పోనివ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

"అన్ని నెలలు ఫోన్ల నాతోని మంచిగనే మాట్లాడితివి కదరా" అన్నాడు.

"మాట్లాడిన నాయినా."

"నాకు తెల్వకపాయె."

అంతే. మళ్ళీ పార అందుకున్నాడు. బత్తాయి పిందె రాలితే ఏ మందు కొట్టాలో, ఎన్నడు కొట్టాలో ఆయనకి నోటికొచ్చు. ఆ సాయంత్రం ఇంటికి పోయేదాకా ఇంకేం మాట్లాడలేదు. రాత్రి నా మంచం పక్కన తన మంచం వేసుకున్నాడు.

సంబంధం కుదరలేదు. వాళ్ళు ఫోన్ చేయలేదు, మా వాళ్ళూ చేయలేదు. జాతకమో, జుట్టో, ఎక్సెల్లో తెలియదు. ఆమెకి ఒక థాంక్స్ చెప్పాల్సింది, ఎట్లా చెప్పాలో తెలియక ఊరుకున్నా.

ఇప్పుడు నాలుగో నెల. రోజూ రాత్రి ఒక మిల్లీలీటరు. యూఎస్ కాల్స్ ఉన్న రోజు మర్చిపోతున్నాను. రెండో నెలలో దిండు మీద పడిన వెంట్రుకలు చూసి అమ్మ "మందు ఆపురా నాయనా, ఉన్నయి కూడ పోతున్నయ్" అని ఏడ్చినంత పని చేసింది. కొత్తవాటికి జాగా ఇస్తున్నాయమ్మా అంటే నమ్మలేదు. నిజం చెప్పాలంటే నాకూ పూర్తిగా నమ్మకం లేదు. నడినెత్తిన ఏదో నూగు కనపడుతోందని బావ అన్నాడు, ఈసారి కూడా డాబా మీద నుంచే. ఫినాస్టెరైడ్ స్ట్రిప్పు సొరుగులోనే ఉంది, ఒక్క మాత్ర కూడా తియ్యలేదు. ఆరు నెలల తర్వాత అడుగుతానేమో, అడగనేమో. నాయిన వారానికోసారి చేసే ఫోన్ ఇప్పుడు రెండు రోజులకోసారి చేస్తున్నాడు. వానలు, బత్తాయి రేటు అయ్యాక, "నిద్ర పడ్తుందా?" అని అడుగుతాడు. పట్టని రోజు పట్టలేదనే చెప్తున్నా.

మీలో ఎవరికైనా ఆ 2023 లాంటి రాత్రులు నడుస్తుంటే, జుట్టు సంగతి తర్వాత చూసుకోవచ్చు. టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో కూడా మాట్లాడతారు.

ఆరో నెల నిండాక డాక్టరు రమ్మన్నారు. మొదటి రోజు తీసిన ఫోటో పక్కన పెట్టి చూడటానికి ఇంకో ఫోటో తీస్తారట. పోయేముందు వారం రోజులు కటింగ్ చేయించుకోవద్దన్నారు.